పట్నాల వంకలు చచ్చిపోతే నష్టం ఎవరికి?

వరినాట్ల కూలి రేటు మాట్లాడదామని మేము ప్రొద్దుటూరు కిందుగా పెన్న ఒడ్డున ఉన్న ఒక పల్లెకు పోయినాం. వేపచెట్టు కింద ముప్పై మంది దాకా ఆడకూలీలు కూర్చున్నారు. ఎకరాకు ఇంత, ముఠాకు ఇంత అని మేము లెక్క మొదలుపెట్టినామో లేదో, వెనక వరసలో ఉన్న పెద్దమ్మ ఒకామె అడ్డం పడింది. "రేటు సంగతి మళ్లా మాట్లాడుదురు గానీ నాయనా, ముందర ఈ కాళ్లు చూడండి" అని రెండు కాళ్లూ ముందుకు చాపింది. వేళ్ల సందుల్లో తెల్లగా నాని, పుండ్లు పడి ఉన్నాయి. ఆమెను చూసి ఇంకొకరు, ఇంకొకరు చాపినారు. నాట్ల కాలంలో కాళ్లు నానడం కొత్తేమీ కాదు. మా అమ్మల కాళ్లూ నానేవి. రాత్రికి ఆముదం పూసుకుంటే తెల్లారికి సర్దుకునేవి. ఇది అట్లాంటిది కాదు. దురద, మంట, గోళ్లు నల్లబడటం. "అన్ని మళ్లలోనూ ఇట్లా కాదు సామీ, పట్నం నీళ్లు పారే మళ్లలోనే" అని వాళ్లే తేల్చి చెప్పినారు.

ఆ మాట పట్టుకుని మేము ఆ నీళ్ల వెంబడి నడిచినాం. మడి నుంచి బోదెకు, బోదె నుంచి వంకకు, వంక వెంట పట్నం వైపుకు. మొదట నాచు, తర్వాత నురగ, తర్వాత ప్లాస్టిక్ కవర్లు, చివరకు వాసన. పట్నం దగ్గరికి వచ్చేసరికి అది వంక అని చెప్పడానికి పేరొక్కటే మిగిలింది. ఆ నడక తర్వాత జమ్మలమడుగు, పులివెందుల కూడా తిరిగినాం. వ్యవసాయ కార్మికుల సంఘానికి పట్నం మోరీలతో ఏం పని అని మా వాళ్లలోనే కొందరు అడిగినారు. వాళ్లకూ, పాఠకులకూ జవాబు చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక చిన్న లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారమే ప్రొద్దుటూరు పట్టణంలో లక్షన్నర మందికి పైగా ఉన్నారు. బంగారం, పత్తి, గుడ్డల వ్యాపారంతో రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఊరు. ఒక్కొక్కరు రోజుకు 100 లీటర్ల నీళ్లు వాడుతున్నారనుకుందాం (ఇంజనీర్లు పట్నానికి కట్టే లెక్క 135 లీటర్లు, మనం తక్కువే వేసుకుందాం). వాడిన దాంట్లో నూటికి 80 వంతులు మురుగై బయటికి వస్తుందని వాళ్ల పుస్తకాల్లోనే ఉంది. అంటే రోజుకు కోటీ ఇరవై లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లకు పడితే 2,400 ట్యాంకర్లు. రైతుకు ట్యాంకర్ల లెక్క కన్నా క్యూసెక్కుల లెక్క బాగా తెలుసు కాబట్టి అట్లాగే చెబుతాం: ఐదు క్యూసెక్కులకు ఒక పిసరు తక్కువ.

ఐదు క్యూసెక్కులు ఏమంత గొప్ప? పెన్నలో వెయ్యి క్యూసెక్కులు పారుతుంటే ఐదు క్యూసెక్కుల మురుగును ఏరు మింగేస్తుంది. పెన్నలో సున్నా ఉన్నప్పుడు ఐదు వచ్చి కలిస్తే, ఆ ఐదే ఏరు. మన కష్టమంతా ఇక్కడే ఉంది.

ఏరు మురుగును ఎట్లా మింగుతుందో కూడా తెలుసుకోవాలి. చదువుకున్న వాళ్లకు ఇది చిన్న తరగతి పాఠం. మేము మాత్రం నలభై ఏళ్లు దాటినాక, ఒక పాలిటెక్నిక్ మాస్టారు ఓపికగా చెబితే నేర్చుకున్నాం. నీళ్లలో కంటికి కనపడని క్రిములు ఉంటాయి. అన్నం మెతుకులు, మలం, సబ్బు, కసువు ఏది పడినా అవే తిని అరిగిస్తాయి. అరిగించడానికి వాటికి ప్రాణవాయువు కావాలి. పారే నీళ్లు రాళ్ల మీద దుమికి, ఇసుకలో ఇంకి, గాలిని కలుపుకుంటూ పోతాయి కాబట్టి ఆ వాయువు ఎప్పటికప్పుడు అందుతుంది. మురుగు ఎక్కువై పారకం తక్కువైతే క్రిములు ఉన్న వాయువునంతా వాడేస్తాయి. చేప చస్తుంది, కప్ప పోతుంది. గాలి లేకుండా బతికే వేరే రకం క్రిములు వచ్చి కూర్చుంటాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన, నల్ల బురద వాటి పనే. లీటరు నీళ్లలో కలిసి ఉండే ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదని, మురుగు అరగడానికి పట్టే వాయువు 3 మిల్లీగ్రాములు మించకూడదని స్నానానికి పనికొచ్చే నీళ్లకు కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కొలత. స్నానం చేసే మనిషి పది నిమిషాలు ఉంటాడు. మా నాట్ల కూలీలు పొద్దున్నించి సాయంత్రం దాకా అందులోనే వంగి ఉంటారు. వాళ్ల కాళ్లకు ఏ కొలత పెట్టినారో ఏ కాగితంలోనూ మాకు కనపడలేదు.

ఇంకొక సంగతి. పట్నం నీళ్లు పారే మడి మొదట్లో రైతుకు ముద్దుగానే ఉంటుంది. యూరియా బస్తా మిగులుతుంది, పైరు నల్లగా ఏపుగా లేస్తుంది. రైతును తప్పు పట్టలేం. కాలువ నీళ్లు కిందిదాకా రాని చోట ఏడాది పొడుగునా వచ్చే నీళ్లు అవే. కానీ నత్రజని మితిమీరితే పైరు వెన్ను పట్టే వేళకు పడిపోతుంది, తెగుళ్లు కమ్ముకుంటాయి, తాలు పెరుగుతుంది. అప్పుడు మందు కొట్టాలి. మందు కొట్టేది ఎవరు? మళ్లీ కూలీయే. ఇట్లా పట్నం మురుగు కూలీ వంటికి రెండు దోవల్లో ఎక్కుతుంది: కాళ్ల నుంచి ఒకటి, భుజాన మోసే మందు డబ్బా నుంచి ఒకటి.

ఇక జమ్మలమడుగు. ఊరి పేరులోనే జమ్మూ ఉంది, మడుగూ ఉంది. జమ్ముగడ్డి మొలిచిన మడుగు వల్ల ఈ పేరు వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు. జమ్ము ఉందంటే అక్కడ నీళ్లు నిలిచేవని, మెల్లగా కదిలేవని అర్థం. ఆ గడ్డి ఊరికే మొలిచేది కాదు. దాని వేళ్లు బురదలోకి గాలి పంపుతాయి, మురుగులోని ఎరువును పీల్చుకుంటాయి. మురుగు శుద్ధికి ఇప్పుడు పై దేశాల్లోనూ మన దేశంలోనూ కుంటలు కట్టి అదే గడ్డిని నాటుతున్నారు. మన ఊరి పేరులో ఉన్న గడ్డిని మనం కంప అని పీకేసినాం! జమ్ము కోసి చాపలు అల్లే వాళ్లు, వంక ఒడ్డు ఈతచెట్ల బరికెలతో బుట్టలు, తట్టలు అల్లే ఎరుకలోళ్లు, వంకలో రేవు పెట్టుకున్న చాకలోళ్లు వీళ్లందరూ వంక మీద బతికినవాళ్లే. ఈతచెట్టు పోయి సీమతుమ్మ కంప వచ్చినాక బుట్టల స్థానంలో ప్లాస్టిక్ గంపలు వచ్చినాయి. ఇది అభివృద్ధి అంటే మేము వాదించం. కానీ బుట్ట అల్లే మనిషి ఇప్పుడు ఏ పనికి పోతున్నాడో చూడండి. బేల్దారి పనికి, లేకపోతే మా నాట్ల ముఠాల వెంబడి.

జమ్మలమడుగు ఎగువనే మైలవరం జలాశయం, దాని పైన 26.85 టీఎంసీల గండికోట. సీమకు నీళ్లు నిలవాలని మేమూ జెండాలు పట్టి తిరిగినవాళ్లమే. జలాశయాలు వద్దని మేము ఏనాడూ అనలేదు. 2020లో గండికోట నిండా నీళ్లు నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ఊరు ఎట్లా ఖాళీ అయిందో జిల్లా అంతా చూసింది. నిర్వాసితుల కథ వేరే రాయాల్సిందే. ఇక్కడ చెప్పదలచుకున్నది ఇంతే: ఎగువన కట్ట పడినాక కింది పెన్నలో వరద రోజులు పోగా మిగిలిన రోజులు ఇసుకే. తాగునీటికని అప్పుడప్పుడు వదిలే నీళ్లే పారకం. ఆ ఇసుకైనా ఉంటే మేలు. ఇసుక అంటే ఇల్లు కట్టుకునే సామాను ఒక్కటే కాదు, ఏటి జల్లెడ అది. మన పెద్దలు ఎండాకాలం పెన్నలో చెలమ తీసి, తేట వచ్చేదాకా తోడిపోసి, ఆ నీళ్లు తాగి బతికినారు. ప్రొద్దుటూరు, కడప పట్నాలు పెన్న ఇసుకలోని ఊట నీళ్లనే పైపుల్లో పట్టుకుని తాగుతూ వచ్చినాయి. ఆ ఇసుకను లారీలకెత్తి గుంతలు మిగిల్చితే, గుంతల్లో నిలిచేది మురుగు. చెలమ తీసే చోట మురుగు నిలిస్తే ఇక పట్నం తాగేది దేన్ని?

మురుగులోనూ ఎగువ దిగువ ఉన్నాయి. ప్రొద్దుటూరు వాళ్లు తమ మురుగు కిందికి పోతుందని నిశ్చింతగా ఉంటారు. కుందూ సంగతి చూడండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశం మొత్తం మీద 351 చోట్ల నదులు చెడిపోయాయని జాబితా వేసింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వి ఐదు. గోదావరి, కృష్ణ, తుంగభద్ర, నాగావళి లాంటి పెద్ద పేర్ల పక్కన మన కుందూ కూడా ఉంది, నంద్యాల నుంచి. కుందూ ఎవరికి కావాలి అనుకోవద్దు. వెనకటి మద్రాసు కంపెనీ తవ్వి, 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కె.సి. కాలువ నీళ్లు కొంత దూరం కుందూలోనే పారి, రాజోలి ఆనకట్ట దగ్గర మళ్లీ కాలువకు ఎక్కుతాయి. అంటే నంద్యాల కడిగి పారబోసింది మన జిల్లా మళ్లకు వస్తుంది. ప్రొద్దుటూరు కడిగి పారబోసింది కడప వైపు పోతుంది. పట్నం పట్నానికి ఎగువే, పట్నం పట్నానికి దిగువే. నడుమ నిలబడి ఉండేది పల్లె. ఆ జాబితా వచ్చిన 2018 సెప్టెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనకు తానుగా కేసు తీసుకుని, ప్రతి రాష్ట్రంలో నదుల కమిటీలు వేసి బాగుచేసే పథకాలు తయారు చేయమంది. కమిటీలు పడ్డాయి. కమిటీల్లో కలెక్టర్లు, కమిషనర్లు, ఇంజనీర్లు ఉన్నారు. కూలి సంఘం వాడిని ఎవరూ పిలవలేదు. పిలుస్తారని మేమూ అనుకోలేదు.

పులివెందులకు మేము సాయంత్రం పూట చేరినాం. అది మెట్ట సీమ. చీనీ, అరటి తోటలు, వందల అడుగుల బోర్లు. పట్నంలో గరండాల కాలువ ఉంది. పేరుకు కాలువ, పుట్టుకకు వంకే. 2023 జూలైలో గరండాల రివర్ ఫ్రంట్ అని మొదటి దశ పనులకు అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభోత్సవం చేసినారు. పట్నం జనానికి సాయంత్రం పూట నడవడానికి, పిల్లలతో కూర్చోవడానికి ఒక చోటు కావాలి. దాన్ని మేము ఎగతాళి చేయం. పొద్దస్తమానం తోటలో గెలలు మోసి వచ్చిన కూలీకి కూడా చల్లగాలి కావాలి కదా. అయితే ఒడ్డు బాగుపడితే వంక బాగుపడినట్టు కాదు. మెట్ట సీమలో వంకకు పెద్ద పని ఒకటుంది: నాలుగు వానలకు వచ్చిన నీళ్లను భూమిలోకి దించి బోర్లకు అందించడం. అడుగున సిమెంటు పరిస్తే ఆ పని నిలిచిపోతుంది. ఏ వంక బాగుచేతకైనా మేము అడిగే ప్రశ్నలు మూడే. అడుగున మట్టి ఉందా, సిమెంటా? ఎగువ నుంచి నీళ్లు వస్తున్నాయా, మురుగు మాత్రమే వస్తున్నదా? పని అయినాక కప్పలు అరుస్తున్నాయా?

కప్పల మాట నవ్వులాట కాదు. మురుగులో పెరిగే దోమ వేరు. దాని పిల్లలకు గాలి నీళ్లలోంచి అక్కర్లేదు, పైకి వచ్చి గొట్టంతో పీల్చుకుంటాయి. వాటిని తినే చేపపిల్లలకు, తూనీగ పిల్లలకు మాత్రం నీళ్లలో ప్రాణవాయువు ఉండాలి. అందుకే వంక చచ్చినప్పుడు దోమ చావదు, దోమను తినేవన్నీ చస్తాయి. పట్నాల్లో పొగ యంత్రాలకు ఏటేటా పోసే డబ్బు ఒకప్పుడు తూనీగలు ఉచితంగా చేసిన పనికి కూలి.

వంకను గోడల మధ్య బిగిస్తే ఏమవుతుందో చూడటానికి మనం సియోల్‌కో లండన్‌కో పోనక్కర్లేదు. కడప నడిబొడ్డున బుగ్గవంక ఉంది. 2001 అక్టోబరులో ఒక్క రాత్రి వానకు అది కడపలోకి వచ్చి మనుషులను తీసుకుపోయింది. తర్వాత గోడలు కట్టినారు. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు బుగ్గవంక మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. మరుసటి ఏడు నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య కట్ట తెగింది, కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. ఇవన్నీ ఒకే కారణంతో జరిగినాయని మేము అనడం లేదు. కానీ ఏరు, వంక ఏడాదిలో మూడు వందల రోజులు ఖాళీగా ఉన్నాయి కదా అని వాటి చోటును వాడుకుంటే, మిగిలిన నాలుగు రోజుల్లో అవి తమ చోటును తామే తీసుకుంటాయి.

చోటు మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తాం. మేము ఈ మూడు పట్నాల్లో ఒకచోట (పేరు వద్దు, అర్జీ ఇంకా నడుస్తున్నది) వంక పోరంబోకు ఎంత వెడల్పు ఉండాలో చూపించమని రెవిన్యూ పటం అడిగినాం. మూడుసార్లు తిప్పినారు. నాలుగోసారి పాత కొలతల పుస్తకం దొరికింది. లింకుల లెక్కలో చక్కగా గీసి ఉంది వంక. తెల్లదొర కాలంలో గొలుసు పట్టి కొలిచిన గీత. మేము ఆ కాగితం నకలు పట్టుకుని తాడుతో కొలుచుకుంటూ పోతే, నేల మీద వంక కాగితం మీది వంకలో సగం కూడా లేదు. మిగిలిన సగం మీద ఒకవైపు సీలింగు పలకలు పరిచి కట్టిన అంగళ్లు, ఒక కల్యాణమండపం ప్రహరీ. రెండోవైపు రేకుల గుడిసెలు. వంక ఆక్రమణలు తీసేస్తామని పట్నంలో దండోరా వేసిన ప్రతిసారీ ఏ వైపు నుంచి తీయడం మొదలుపెడతారో మీరు చెప్పనక్కర్లేదు.

గుడిసెల్లో ఉండేది ఎవరు? కరువు ఏళ్లలో సేద్యం పోయి పట్నం చేరిన మన వ్యవసాయ కూలీలే. పొద్దున ఆటోల్లో ఎక్కి మళ్లీ పల్లెలకే నాట్లకు, కోతలకు వచ్చేది వాళ్లే. వంక పక్కన స్థలం చవక కాబట్టి కాదు, వేరే స్థలం ఎవరూ ఇవ్వలేదు కాబట్టి అక్కడ ఉన్నారు. హైదరాబాదులో 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూసీ ఒడ్డు ఇళ్లకు గుర్తులు వేసినప్పుడు ఎంత గగ్గోలైందో పాఠకులకు తెలుసు. నదిని శుభ్రం చేయాలనేది పేదవాడి మీదికి దూసే కత్తి కాకూడదు. ఇందులో చట్టం కూడా మనం అనుకున్నంత గుడ్డిది కాదు. ఊరుమ్మడి భూములు, చెరువుల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టి తీర్పు ఇచ్చింది. అదే తీర్పులో, ప్రభుత్వ ఉత్తర్వు కింద భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఇచ్చిన చోట్ల క్రమబద్ధం చేయడానికి మినహాయింపుకు వీలుందని కూడా రాసినారు. తీర్పు మొదటి సగం అధికారులకు నోటికి వచ్చు. రెండో సగం మేము చదివి వినిపించాల్సి వస్తున్నది.

మా మాట స్పష్టంగా చెబుతాం, ఎందుకంటే ఇక్కడ మా వాళ్లూ తడబడుతున్నారు. గుడిసెలు వంక గర్భంలో ఉండటం మంచిదని మేము అనం. అక్కడ పిల్లలు పెరగకూడదు. వరద వస్తే ముందు పోయేది వాళ్లే. కాబట్టి అంగళ్ల పలకలు ముందు లేవాలి. గుడిసెవాళ్లకు అదే పట్నంలో, పనికి పోయే దూరంలో, పట్టా చేతికిచ్చి ఇల్లు చూపించినాకే వాళ్లను కదపాలి. ఊరికి పది మైళ్ల దూరాన మిట్ట మీద స్థలం చూపించి పొమ్మంటే ఒప్పుకోం.

మురుగును ఏం చేయాలి అనేదానికి కోట్ల రూపాయల యంత్రాలొక్కటే జవాబు కాదు. కలకత్తా తూర్పున చూడండి. ఆ మహానగరం మురుగును బెస్తలు, కూలీలు చెరువుల్లోకి మళ్లించి, ఎండకు, నాచుకు, చేపలకు అప్పగించి శుద్ధి చేస్తున్నారు. నూరేళ్లకు పైబడిన విద్య అది. సుమారు 12,500 హెక్టార్లు. చేపలు, కూరగాయలు, వరి పండుతున్నాయి. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు మురుగు ఎటు పోతున్నదో వెతుక్కుంటూ పోయి ఈ పని చూసి, దీన్ని లోకానికి చాటినాడు. 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాకు ఎక్కింది. మా కడప ఎండ కలకత్తా ఎండ కన్నా తక్కువా? ఫ్యాక్టరీ విషాలు, ఆసిడ్లు కలవకుండా వేరుగా ఆపగలిగితే (అది మొదటి షరతు, పటాన్‌చెరు నక్కవాగు గతి చూసినాం) ప్రొద్దుటూరు ఐదు క్యూసెక్కులను కుంటల్లో నిలిపి, జమ్ము నాటి, శుద్ధి చేసి వదిలితే ఆరుతడి పైరుకు నాలుగైదు వందల ఎకరాలకు తక్కువ కాకుండా పారతాయి. కుంటలు తవ్వేది, పూడిక తీసేది, గడ్డి కోసేది కూలీలే. ఏడాది పొడుగునా పని. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినాక పల్లెల్లో వంకల పూడిక మన కూలీలే తీసినారు. కానీ మున్సిపల్ హద్దురాయి దగ్గర ఆ పని ఆగిపోయింది. వంకకు ఆ రాయి సంగతి తెలియదు.

ఇప్పుడు పట్నం లోపల ఆ పూడిక తీస్తున్నది కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులు. చేతులకు తొడుగు లేదు, కాళ్లకు బూటు లేదు. మనుషులను మురుగులో దించకూడదని 2013లో చట్టం చేసినారు. 1974లో నీటి కాలుష్యం మీద చేసినారు. 2002లో మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం చేసినారు. చట్టాల పేర్లు మాకు ఇప్పుడు బాగానే వచ్చు.

ఆ పల్లెకు మేము మళ్లీ పోయినాం. వేపచెట్టు కిందే కూర్చున్నాం. ఈసారి కొలతల పుస్తకం నకలు, నీళ్ల సీసా ఒకటి పట్టుకుపోయినాం. పెద్దమ్మ సీసా మూత తీసి వాసన చూసి, "దీన్ని పరీక్షకు పంపాలా నాయనా? మా కాళ్లు చాలవా?" అంది. అందరూ నవ్వినారు. నవ్విన తర్వాత పని మొదలైంది. ఆ ఏటి నాట్ల ఒప్పందంలో కూలి రేటుతో పాటు రెండు కొత్త మాటలు చేరినాయి. పట్నం నీళ్లు పారే మళ్లలో దిగితే మామూలు రేటు మీద అదనం. గెనిమ మీద కాళ్లు కడుక్కోవడానికి బోరు నీళ్ల డ్రమ్ము, ముఠాకు వారానికి అర లీటరు ఆముదం ఖామందే పెట్టాలి. రైతులు గునిసినారు గానీ ఒప్పుకున్నారు. వాళ్లలో ఇద్దరు, ఆ అదనం మేమెందుకు ఇయ్యాల, పట్నమోళ్లు కదా ఇయ్యాల్సింది అన్నారు. మాటలో న్యాయం ఉంది. అందుకే మురుగు మళ్లింపు మీద రాసిన అర్జీలో కూలీల వేలిముద్రల కింద ఆ రైతుల సంతకాలు కూడా పెట్టించినాం. పట్నం ఆఫీసులో అర్జీ తీసుకుని రసీదు ఇచ్చినారు. నాట్లు వచ్చే వారం మొదలు.